ఉత్తుత్తి కత్తికి పదునెంత?

(గ్రంథాలయ వారోత్సవాలలో భాగంగా కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

సభకు నమస్కారం. పెద్దలకు, నాతో కలిసి పనిచేసిన మాస్టార్లకు, టీచర్లకు, ముందు చాప మీద కూర్చుని ఈవిడ ఎప్పుడు ముగిస్తుందా అని చూస్తున్న పిల్లలకు కూడా నమస్కారం. పిల్లల ఆటల గురించి పిల్లల ఎదుటే మాట్లాడటం కొంచెం ఇబ్బందికరమైన పని. నేను పొరపాటు చెబితే మీకంటే ముందు వాళ్ళకే తెలిసిపోతుంది.

ఈ సాయంత్రం ఇక్కడికి నడిచి వస్తూ కాలవ గట్టు మీద నేనొక హత్య చూశాను. కంగారు పడకండి. ఇద్దరు మగపిల్లలు కొబ్బరి మట్టలు చెక్కి కత్తులు చేసుకున్నారు. ఒకడు రెండోవాణ్ణి పొడిచి, "చచ్చిపోయావు, పడిపోరా" అన్నాడు. రెండోవాడు పడలేదు. "నాకు భుజానికి తగిలింది, భుజానికి తగిలితే ఎవరూ చావరు" అన్నాడు. ఇద్దరికీ వాదన పెరిగింది. అప్పుడు వాళ్ళకంటే కాస్త పెద్దపిల్ల ఒకతి, అంతవరకూ చెట్టు కింద కూర్చుని చూస్తున్నది, లేచి వచ్చి తీర్పు చెప్పింది. భుజానికి తగిలింది కనుక వాడు చావలేదు, అయితే ఆ చెయ్యి ఇక పనిచేయదు కనుక దాన్ని వీపు వెనక పెట్టుకుని ఎడమచేత్తో యుద్ధం చేయాలి. ఇద్దరూ ఒప్పుకున్నారు. యుద్ధం మళ్ళీ మొదలైంది. ఇంతలో సైకిలు మీద గడ్డిమోపు వేసుకుని వెళుతున్న ఒక పెద్దాయన ఆగి, "ఒరేయ్, కాలవలో పడతారు, ఇవతలకి వచ్చి ఆడుకోండి" అని కేకవేసి తన దారిన తాను వెళ్ళిపోయాడు.

గమనించారా? ఆయన ఏమీ అభ్యంతరం చెప్పలేదని కాదు, చెప్పాడు. కాలవకు అభ్యంతరం చెప్పాడు, హత్యకు చెప్పలేదు. కాలవ నిజమైనది, హత్య నిజమైనది కాదు అని ఆయనకు ఆలోచించనక్కరలేకుండానే తెలుసు. నేను ఈ రోజు మాట్లాడదలచుకున్నది ఆ పెద్దాయన గురించే. పెద్దలమైన మనం, ఒక చెంపదెబ్బకే పంచాయతీ పెట్టే మనం, పిల్లలు ఒకరినొకరు రోజుకు పదిసార్లు చంపుకుంటూ ఉంటే ఎలా ఊరుకోగలుగుతున్నాం? ఊరుకోవడం సరే, తీర్థానికి తీసుకెళ్ళి మరీ ఆయుధాలు కొనిపెడుతున్నాం. కనుమ నాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు చూడటానికి వెళ్ళిన ప్రతి తాతా మనవడికి ఒక గదో, ఒక విల్లో, ఒక తుపాకీయో కొనకుండా ఇంటికి రాగలడా? దీపావళికి తుపాకీలో రీలు ఎలా వేయాలో నేర్పేది మనం కాదా?

దీనికి అందరూ చెప్పే సమాధానం ఒకటి ఉంది. "పిల్లలండీ, వాళ్ళకేం తెలుసు?" అంటారు. నేను ఈ సమాధానాన్ని ఒప్పుకోను. ముప్పైయేళ్ళకు పైగా బడి వరండాలో నిలబడి చూసినదాన్ని, ఒప్పుకోలేను. వాళ్ళకు తెలుసు కనుకనే ఆడగలుగుతున్నారు. ఆ పెద్దపిల్ల తీర్పు చెప్పిందంటే, ఆ ఇద్దరూ తలవంచారంటే, అక్కడ చంపడం నేర్చుకుంటున్నారని మీరు అంటారా, ఒడంబడిక నేర్చుకుంటున్నారని అంటారా?

మన పిల్లల భాషలో దీనికి చక్కటి మాటలున్నాయి. మొదటిది "ఉత్తుత్తి". ఉత్తుత్తి పెళ్ళి, ఉత్తుత్తి అన్నం, ఉత్తుత్తి చావు. రెండోది "తూచ్". ఆ మాట అన్నవెంటనే అంతవరకూ జరిగింది లెక్కలోకి రాదు, కత్తి ఎక్కడ ఉంటే అక్కడ ఆగిపోతుంది. మూడోది "తొండి", అంటే ఒడంబడిక తప్పిన నేరం. నిఘంటువులో ఈ మాటలకు రెండేసి వాక్యాల అర్థం ఇస్తారేమో కాని, నా దృష్టిలో ఇవి చిన్న రాజ్యాంగం. ఇంకొకటి కూడా ఉంది, అది నాకు అన్నిటికంటే ఇష్టం. "ఆటలో అరటిపండు." అక్కతో పాటు వచ్చిన మూడేళ్ళ తమ్ముణ్ణి ఆటలో చేర్చుకోకపోతే ఏడుస్తాడు, చేర్చుకుంటే వెంటనే అవుట్ అయిపోతాడు. అందుకని వాణ్ణి అరటిపండు చేస్తారు. వాడు అందరితో పరుగెత్తవచ్చు, కత్తి తిప్పవచ్చు, అందరినీ చంపవచ్చు. వాణ్ణి మాత్రం ఎవరూ చంపకూడదు. పెద్దవాళ్ళు చేసిన యుద్ధాలలో ఎక్కడైనా అరటిపండ్లు ఉన్నారా, చెప్పండి?

1952లో గ్రెగరీ బేట్‌సన్ అనే మానవశాస్త్రవేత్త శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక జంతుప్రదర్శనశాలకు వెళ్ళి, అక్కడ రెండు చిన్న కోతులు పోట్లాడుకున్నట్టుగా ఆడుకోవడం చూశారు. చూసేవాళ్ళకు అది పోట్లాట కాదని తెలుస్తూనే ఉంది, కోతులకు కూడా తెలుస్తూనే ఉంది. అంటే "ఇది ఆట" అనే కబురును అవి ఎలాగో ఒకదానికొకటి అందించుకుంటున్నాయి. ఆ చూసిన దానిని పట్టుకుని ఆయన 1955లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆటలో కొరికే చిన్న కాటు నిజమైన కాటును గుర్తుచేస్తుంది గాని, కాటు తరవాత రావలసిన దానిని దేనినీ వెంట తీసుకురాదు అన్నది అందులోని సారం. మన ఇంటి ముందు కుక్కపిల్లలు చేసేది ఇదే. పీక పట్టుకుంటాయి, నొక్కవు. కోతికి ముఖం చాలు, కుక్కపిల్లకు తోక చాలు, మన పిల్లలకు ఉత్తుత్తి అనే మాట కూడా ఉంది.

బడి ఆవరణలలో పిల్లలను ఓపికగా గమనించినవారు చెప్పిన ఒక ఆనవాలు ఉంది, ఇక్కడున్న తల్లిదండ్రులు దాన్ని గుర్తుంచుకుంటే బాగుంటుంది. పోట్లాట అయిపోయాక పిల్లలు విడిపోతారు, ఆట అయిపోయాక కలిసే ఉంటారు. ఆటలో బలమున్నవాడు బలం తగ్గించుకుంటాడు, కాసేపు తాను కింద పడతాడు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకలాగే కనిపిస్తాయి. వరండాలో నుంచి నేను ఎన్నిసార్లు అనవసరంగా ఈల వేశానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

సరే, ఒడంబడిక ఉంది కనుక ఒప్పుకుంటున్నాం అందాం. అయితే ఒడంబడిక ఉన్న ప్రతి ఆటనూ ఒప్పుకుంటున్నామా? ఒప్పుకోవడం లేదు. ఇక్కడే అసలు చిక్కు ఉంది.

ఒకసారి మా బడిలో మూడో తరగతి పిల్లలు వరండా ఈ చివర నరసింహావతారం ఆడుతున్నారు. అంతర్వేది నరసింహస్వామి తీర్థానికి వెళ్ళివచ్చిన వారం అది. స్తంభం చాటు నుంచి ఒకడు గర్జిస్తూ దూకి, రెండోవాణ్ణి తొడల మీద పడుకోబెట్టుకుని, గోళ్ళతో పొట్ట చీల్చి, పేగులు తీసి మెడలో వేసుకున్నాడు. పేగులంటే ఏదో అమ్మాయి జడ రిబ్బను లెండి. అదే వరండా ఆ చివర ఇంకొక పిల్లవాడు ఖాళీ నీళ్ళ సీసా పట్టుకుని తూలుతూ నడుస్తూ తాగుబోతు ఆట ఆడుతున్నాడు. మేము ఉపాధ్యాయులం నలుగురం ఉన్నాము. నలుగురమూ ఎటు పరుగెత్తామంటారు? సీసా వైపు. కడుపు చీల్చినవాణ్ణి చూసి నవ్వి, తూలినవాణ్ణి చెవి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళాము.

నరసింహుడు దేవుడు కనుక అని ఒక మాస్టారు ఆ రోజు అన్నారు. కొంతవరకు నిజమే. మనకు ధర్మయుద్ధాల కథలు ఉన్నాయి కనుక కథలో చంపడానికి అనుమతి ముందే దొరికింది. కాని దొంగా పోలీసు ఆటలో ఏ దేవుడున్నాడు? నాకు తోచిన కారణం వేరు. పేగులు తీయడం పిల్లవాడికి అందనంత దూరంలో ఉంది, సీసా వాడి ఇంట్లోనే ఉంది. మనం దూరంగా ఉన్నదాన్ని ఆటగా చూడగలం, దగ్గరగా ఉన్నదాన్ని చూడలేం. ఆ పిల్లవాడు మాకు చూపించినది వాళ్ళ నాన్నను. మేము చెవి పట్టుకున్నది వాడి తప్పుకు కాదు, మా ఇబ్బందికి. ఆ రోజు నేను వాడి పక్కన కూర్చుని ఆ ఆట ఎలా ముగుస్తుందో చూసి ఉండవలసింది.

ఇంకొక తేడా కూడా ఉంది, నేను దీని కోసమే ఇంతసేపు మాట్లాడుతున్నాను. కొన్ని పనులకు ఉత్తుత్తి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఉత్తుత్తిగా చంపితే ఎవరూ చావరు. కాని ఉత్తుత్తిగా బూతు తిడితే? అది బూతే. "ఆటకు అన్నాను" అంటే ఆ మాట వెనక్కి పోతుందా? ఒక పిల్లవాణ్ణి కులం పేరు పెట్టి, ఒంటి రంగు పెట్టి, అవిటితనం పెట్టి ఆటలో వెక్కిరిస్తే, అక్కడ ఆట ఎంత ఉంది, వెక్కిరింత ఎంత ఉంది? నూటికి నూరు పాళ్ళూ వెక్కిరింతే. హింసకు ఉత్తుత్తి ఉంది, అవమానానికి లేదు. కత్తి చూసి భయపడుతున్నవారు ఈ రెండోదాన్ని చూడటం లేదని నా ఫిర్యాదు. ఏ ఊళ్ళోనైనా దొంగా పోలీసు ఆటను వారం రోజులు చూడండి. దొంగ వేషం రోజూ ఎవరికి పడుతోంది? చీటీలు వేసి తీస్తున్నారా, లేక పంతం పట్టలేని పిల్లవాడికి, పాకలో నుంచి వచ్చిన పిల్లవాడికి అది శాశ్వతంగా అంటగట్టారా? చీటీ తీస్తే వచ్చిన దొంగతనం ఆట. రోజూ ఒకడికే వస్తే అది ఆట కాదు.

నన్నయగారు మన గోదావరి గట్టునే, రాజమహేంద్రవరంలో, పదకొండో శతాబ్దంలో భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. ఆదిపర్వంలో పాండవ కౌరవుల చిన్ననాటి ఆటలు ఉన్నాయి, పెద్దలకు గుర్తుండే ఉంటుంది. భీముడు కౌరవ బాలకులను పట్టుకుని నీళ్ళలో ముంచుతాడు. వాళ్ళు పండ్ల కోసం చెట్టెక్కితే చెట్టు మొదలును తన్ని పండ్లతో సహా వాళ్ళను కింద పడేస్తాడు. వ్యాసులవారు అక్కడ భీముడి పక్షాన ఒక మాట చెబుతారు, అతడు ద్రోహబుద్ధితో అలా చేయలేదని, బాల్యం వల్ల చేశాడని. నిజమే కావచ్చు. కాని నీళ్ళలో మునిగినవాడికి ఆ బుద్ధి ఎలా తెలుస్తుంది? ఊపిరాడకపోవడం ఉత్తుత్తి కాదే. భీముడి ఆటలో తూచ్ లేదు, అరటిపండు లేదు, భీముడు కింద పడే వంతు ఎప్పుడూ రాలేదు. దాని తరవాత ఏమైంది? దుర్యోధనుడు అన్నంలో విషం పెట్టించి, తీగలతో కట్టించి, అదే భీముణ్ణి గంగలో పడవేయించాడు. దుర్యోధనుణ్ణి నేను సమర్థించడం లేదండీ, వెనక వరసలో ఎవరో తల అడ్డంగా ఊపుతున్నారు. ఒక ఆట ఎక్కడ ఆట కాకుండా పోయిందో అంత పాత కావ్యంలో అంత స్పష్టంగా ఉందని మాత్రం చెబుతున్నాను. మనసులో ద్రోహం లేకపోవడం చాలదు, అవతలివాడి సమ్మతి కూడా ఉండాలి.

ఇక రెండో ప్రశ్న. ఆటకు వేరే వస్తువులే లేవా, పిల్లలు హింసనే ఎందుకు కోరుకుంటారు?

1996 నవంబరు 6 నాటి తుఫాను రాత్రిని ఇక్కడున్న పెద్దవాళ్ళు ఎవరూ మరచిపోలేదు. కోనసీమ కొబ్బరితోటలు తెల్లవారేసరికి ఎలా పడుకున్నాయో, ఎంతమంది పోయారో మీకు నేను చెప్పనక్కరలేదు. బడి తెరిచాక మా పిల్లలు కొత్త ఆట ఒకటి మొదలుపెట్టారు. తుఫాను ఆట. పదిమంది చేతులు పైకెత్తి కొబ్బరిచెట్లలా నిలబడతారు, ఒకరు గాలి. గాలి హోరుమంటూ వచ్చి తోస్తే చెట్లు పడిపోవాలి. మా సహోద్యోగి ఒకరు అది చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆపించబోయారు. నాకూ మొదట అదే అనిపించింది. అయితే ఒక పిల్లను చూసి ఆగాను. ఇల్లు పోయిన పిల్ల అది. రోజూ తానే గాలి అవుతానని మారాం చేసేది. ఎవరికీ వంతు ఇచ్చేది కాదు. చిత్రమేమిటంటే, మిగతా పిల్లలు దాన్ని తొండి అనలేదు. వంతుల సంగతి అంత కచ్చితంగా పట్టించుకునే పిల్లలు, దాదాపు నెల రోజులు ఆ ఒక్కదాన్ని గాలిగా ఉండనిచ్చారు. ఆ తరవాత ఒక రోజు అది తనంతట తానే చెట్ల వరసలోకి వచ్చి నిలబడింది.

ఆ రాత్రి దాని చేతిలో ఏమీ లేదు. ఆటలో మాత్రం అంతా దాని చేతిలో ఉంది. పిల్లల రోజంతా ఎవరో ఒకరు లేపడం, తినమనడం, కూర్చోమనడం, నోరు మూసుకోమనడం కదండీ. వాళ్ళకంటే బలమైనవి ఎటు చూసినా ఉన్నాయి. కత్తి పట్టుకున్న కాసేపు బలం వాళ్ళదవుతుంది. రష్యా మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ 1933లో ఆట గురించి చేసిన ఉపన్యాసంలో ఒక సంగతి ప్రస్తావించారు. ఆటలో రోగి వేషం వేసిన పిల్ల రోగిగా ఏడుస్తుంది, అదే సమయంలో ఆడుతున్నదిగా ఆనందిస్తుంది. రెండూ ఒకేసారి. కొబ్బరిమట్ట గుర్రమని తెలుసు, మట్ట అనీ తెలుసు.

నా సొంత గొడవ ఒకటి చెప్పి ముందుకు వెళతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయారనుకుని రిజిస్టరు రాసుకుంటుంటే, వరండాలో బడి ఆట ఆడుతున్న ఒక పిల్ల గొంతు వినిపించింది. ఈనెల కట్ట పట్టుకుని స్తంభాలను వరసగా బాదుతోంది. "పదమూడో ఎక్కం రాదా నీకు? చెయ్యి చాపు. ఇంకా చాపు." గొంతు నాది. విరుపు నాది. "ఇంకా చాపు" అనడం నాదే. నేను బయటికి రాలేదు, ఆ పిల్ల వెళ్ళేదాకా లోపలే కూర్చున్నాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, అందులోని 17వ సెక్షను బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. నాకు ఆ సెక్షను అంతకు చాలా ఏళ్ళ ముందే ఒక స్తంభం ద్వారా అందింది. ఆ పిల్ల ఆటలో హింస ఉంది కదా, దాన్ని ఆపాలా? దాని చేతిలోని ఈనెలు లాక్కుంటే నా చేతిలోని బెత్తం ఎక్కడికి పోతుంది?

దీనికి ఎదురుగా ఒక ప్రయోగం చూపిస్తారు, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో బందూరా అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 72 మంది చిన్నపిల్లలతో చేసిన ప్రయోగం అది. తోస్తే పడి, తంజావూరు బొమ్మలా మళ్ళీ లేచే ఒక పెద్ద గాలి బొమ్మను ఒక పెద్దమనిషి కొట్టడం చూసిన పిల్లలు, తమ వంతు వచ్చినప్పుడు అలాగే కొట్టారు. చూడని పిల్లలు అంతగా కొట్టలేదు. అది కొట్టడానికే తయారైన బొమ్మ కదా అని తరవాత కొందరు విమర్శించారు, ఆ విమర్శ సరైనదే. కాని ఆ ప్రయోగంలో నాకు కనిపించేది వేరు. ముందు కొట్టింది ఎవరు? పెద్దమనిషి. మా వరండా పిల్ల స్తంభాన్ని కొట్టడం ఎక్కడ నేర్చుకుందో, ఆ పిల్లలూ అక్కడే నేర్చుకున్నారు.

ఫోనులో తుపాకీ ఆటల గురించి కూడా మాట్లాడమని కార్యదర్శిగారు ముందే చీటీ పంపారు. క్లుప్తంగా చెబుతాను. నన్ను కలవరపెట్టేది అక్కడి రక్తం కాదు, అక్కడ వాదించడానికి చోటు లేకపోవడం. భుజానికి తగిలిందా, గుండెకు తగిలిందా అన్నది యంత్రమే తేల్చేస్తుంది. తీర్పు చెప్పే పెద్దపిల్లకు అక్కడ పని లేదు.

మరి అసలైన హింసకు ఆట అని పేరు పెట్టి పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని చూపించేది ఎవరు? సంక్రాంతి వస్తే భీమవరం నుంచి మన దాకా బరులు వెలుస్తాయి, పుంజుల కాళ్ళకు కత్తులు కడతాము. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఒక పక్క ఉండనే ఉంది. ఆ కత్తి ఉత్తుత్తిది కాదు, ఆ పుంజు తూచ్ అనలేదు. బరి దగ్గర నుంచి వచ్చి, ఇంట్లో మనవడి చేతిలో ప్లాస్టిక్ కత్తి చూసి "ఇదేం ఆటరా" అని గదమాయించిన పెద్దమనిషిని నాకు తెలుసు. పేరు చెప్పను, ఈ సభలోనే ఉన్నారు.

అంతర్వేది కథ మీకందరికీ తెలిసినదే. నరసింహస్వామితో యుద్ధం చేసిన రాక్షసుడు రక్తవిలోచనుడి రక్తం ఎన్ని ఇసుకరేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుట్టుకొస్తారని వరం. అందుకని మాయాశక్తి వచ్చి, రక్తం నేల మీద పడకుండా పట్టింది. మా బడి పిల్లలు దీన్ని కూడా ఆట చేసుకున్నారు. రక్తవిలోచనుడికి దెబ్బ తగిలినప్పుడల్లా బయట నిలబడ్డవాళ్ళలో నుంచి ఒకరు రాక్షసుడై లోపలికి రావాలి. ఒక అమ్మాయి చున్నీ పరిచి పట్టుకుంటే ఆగిపోవాలి. పురాణంలో అది భయంకరమైన వరం. ఆటలో దానివల్ల జరిగిందేమిటంటే, దెబ్బ తగిలినప్పుడల్లా ఇంకొకరికి ఆటలో చోటు దొరికింది. లక్కపిడతలతో ఒక మూల కూర్చోవలసిన అమ్మాయి చేతికి ఆట మొత్తాన్ని ఆపే అధికారం వచ్చింది. ఆ నియమం నేను నేర్పింది కాదు, ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

టైము అయిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. పోయిన కనుమకు మా మనవడికి జగ్గన్నతోటలో గద కొన్నాను. ఇంటికి రాగానే నా మీదనే మొదటి దెబ్బ వేశాడు. నేను పడక కుర్చీలో చచ్చిపోయాను. పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన వచ్చి గబుక్కున లేచాను. పది లెక్కపెట్టకుండా చచ్చినవాళ్ళు లేవకూడదట. "తొండి అమ్మమ్మా" అన్నాడు. పాలు పోతే పోయాయి, మళ్ళీ వచ్చి కూర్చుని, కళ్ళు మూసుకుని, పదీ లెక్కపెట్టించుకున్నాకనే లేచాను.